పోయిన ట్రాఫిక్కుకి తాయెత్తులు

"తమ్మీ, మన సైటుకు ఎవలో చేతబడి జేసిన్రురా. గూగుల్ల మనది కనవడ్తనే లేదు."

2024 మే నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేసి అన్న మాట ఇది. నిద్రమత్తులో నవ్వేశాను. ఆ నవ్వు సాయంత్రం దాకా కూడా నిలవలేదు, ఎందుకో కింద చెప్తాను.

ముందే ఓ హెచ్చరిక: ఈ టపా కాస్త పొడుగు, కాస్త ఘాటు. మిర్చి సంగతులు కూడా ఉన్నాయి కాబట్టి సర్దుకుపోండి :)

మా అన్నకి మరిపెడ బంగ్లాలో చిన్న షాపు ఉంది. జిరాక్స్, నెట్ సెంటర్, ఆన్‌లైన్ దరఖాస్తులు, అన్నీ ఒక్క గదిలోనే. 2020 లాక్‌డౌన్‌లో నేను ఇంజినీరింగ్ అయిపోయి ఇంట్లో కూర్చున్నప్పుడు ఇద్దరం కలిసి ఒక తెలుగు సైటు మొదలుపెట్టాం. అందులో ఏముండేవంటే.. ఆ రోజు మిర్చి, పత్తి ధరలు. పాసుబుక్కుల గోల. ఉద్యోగాల నోటిఫికేషన్లు, పరీక్ష తేదీలు. గొప్ప సాహిత్యమేం కాదు. కానీ మా దిక్కు రైతుకి ఇటు ఖమ్మం మార్కెట్టు, అటు వరంగల్ ఎనుమాముల మార్కెట్టు. బస్తాలు బండికెత్తే ముందు తేజ రకం నిన్న ఎక్కడ ఎంత పలికిందో తెలిస్తే బండి ఏ దిక్కు తిప్పాలో తెలుస్తుంది. అన్న రోజూ రెండు మార్కెట్లలో తెలిసినవాళ్ళకి ఫోన్ చేసి, జెండా పాట ఎంతో, మామూలు సరుకుకి ఎంత కట్టించారో రెండూ రాసేవాడు. ఆ రెండో అంకె కోసమే జనం వచ్చేవాళ్ళు.

అలాంటి సైటుకి 2024 జనవరిలో, సరిగ్గా మిర్చి మార్కెట్‌కి వచ్చే వేళకి, ఎవరూ రావట్లేదని అన్న గమనించాడు. గమనించి ఏం చేశాడు? నాకు చెప్పలేదు. "నువ్వు కంపెనీల బిజీ ఉంటవ్ గదరా" అని మొహమాటపడి, హైదరాబాదులో ఓ ఎస్‌ఈఓ ఎక్స్‌పర్టుని పట్టుకున్నాడు. పేరొద్దు. పేరు చెప్పినా ఉపయోగం లేదు, ఇలాంటివాళ్ళు వీధికి నలుగురు ఉన్నారు. నెలకి 8 వేలు, మూడు నెలలు. మొత్తం 24 వేలు. జిరాక్స్ పేజీకి రెండు రూపాయల చొప్పున 12 వేల పేజీలు తీస్తే వచ్చే డబ్బు, అదీ కాగితం, కరెంటు ఖర్చు తీసెయ్యకుండా.

వైద్యుడిగారి రిపోర్టు

ఆ మూడు నెలల రిపోర్టులూ అన్న నాకు పంపించాడు. రంగురంగుల పీడీఎఫ్‌లు. చదువుతుంటే మా ఊళ్ళో చిన్నప్పుడు చూసిన భూతవైద్యుడు గుర్తొచ్చాడు. రోగం ఏంటో చెప్పడు. తాయెత్తు మాత్రం కడతాడు. తగ్గకపోతే "గట్టి దయ్యం" అంటాడు.

మొదటి తాయెత్తు బ్యాక్‌లింకులు. ఎక్కడెక్కడివో డైరెక్టరీలు, జూదం సైట్లు, ఎవరూ చదవని ఇంగ్లీషు పేజీలు, వాటిలో మా మిర్చి సైటుకి లంకెలు. ఆలోచించండి, విదేశీ జూదం సైటు చదివేవాడికి ఎనుమాములలో మిర్చి ధరతో ఏం పని? ఈ విద్య పాతబడి పదేళ్ళు దాటింది. 2011 ఫిబ్రవరిలో అమెరికాలో జేసీపెన్నీ అనే పెద్ద దుకాణాల కంపెనీ ఇలా కొన్న లంకెలతో చాలా వెతుకులాటల్లో పైకెక్కి కూర్చుంటే న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది, గూగుల్ చేత్తో కిందికి తోసింది. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అప్‌డేట్ వచ్చింది, దాని పనే ఇలాంటి లంకెలని పట్టుకోవడం. 2016 సెప్టెంబరు నుంచి చాలావరకు శిక్ష కూడా లేదు, అలాంటి లంకెలని లెక్కలోకే తీసుకోకుండా వదిలేస్తున్నారు. అంటే మా అన్న డబ్బు పెట్టి కొన్నవాటి విలువ అక్షరాలా సున్నా. విషం కూడా కాదు, ఉత్త బూడిద.

రెండో తాయెత్తు "డొమైన్ అథారిటీ". అది 4 నుంచి 11 అయిందని పెద్ద ఆకుపచ్చ బాణం గుర్తు వేశాడు. అది మోజ్ అనే వేరే కంపెనీ సొంతంగా వేసుకునే మార్కు. గూగుల్ దాన్ని వాడదు. పక్కింటి మాస్టారు వేసిన మార్కులు చూపించి ఇంటర్ బోర్డు సర్టిఫికెట్ ఇమ్మని అడిగినట్టుంది.

మూడోది నాకు బాగా నచ్చింది. "మీ సైటు ఫలానా కీవర్డుకి గూగుల్లో మొదటి స్థానం!" ఏంటా కీవర్డు అని చూస్తే, సైటు పేరే! మిర్చి యార్డు తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇది జెండా పాట. పొద్దున్నే ఎంచి పెట్టిన ఒక్క కుప్పకి పెద్ద ధర పాడతారు, అదే మర్నాడు పేపర్లో వస్తుంది. అది చూసి బస్తాలు తోలుకొచ్చిన మిగతా రైతులకి దక్కేది వేరు. మా అన్న ఏ మోసం గురించి నాలుగేళ్ళుగా జనాన్ని హెచ్చరిస్తున్నాడో, ఆ మోసానికే తను బోల్తాపడ్డాడు.

మూడు నెలలైనా గుణం లేకపోతే ఏమన్నాడట? "మార్చి కోర్ అప్‌డేట్ సార్, అందరికీ పడిపోయింది." అది నిజంగానే వచ్చింది, 2024 మార్చి 5న మొదలై ఏప్రిల్ 19 దాకా నడిచింది. కానీ మా సైటు దగ్గర జనం ఆగిపోయింది అంతకుముందే. జనవరిలో చచ్చినవాడిని మార్చిలో దయ్యం పట్టిందని చెప్పడమెలా?

అసలు దొంగ

ఇప్పుడు నా నవ్వు ఎందుకు ఆగిపోయిందో చెప్తాను.

సెర్చ్ కన్సోల్ తెరిచాను. ఇది గూగుల్ ఉచితంగా ఇచ్చేదే, మీ సైటు ఎవరికి ఎప్పుడు కనబడిందో 16 నెలల లెక్క అందులో ఉంటుంది. "దొరకని పేజీలు (404)" అన్న వరుసలో ఉన్న అంకె చూస్తే కడుపులో దేవినట్టయింది. దాదాపు పాత సైటు మొత్తం అక్కడే ఉంది. గీత ఎక్కడ పడిపోయిందో చూస్తే 2023 మే.

2023 మే నెలలో ఏం జరిగింది? నేను సైటుని "బాగు" చేశాను. మీరు చదివింది నిజమే. సెలవుకి ఊరెళ్ళినప్పుడు, వర్డ్‌ప్రెస్ నెమ్మదిగా ఉంది, మనం ఇంజినీర్లం కదా అని అది తీసేసి స్టాటిక్ సైటుగా మార్చాను. పనిలో పనిగా తెలుగు చిరునామాలు అసహ్యంగా ఉన్నాయని వాటిని చక్కటి ఇంగ్లీషు అక్షరాల చిరునామాలుగా మార్చాను. పాత చిరునామా నుంచి కొత్తదానికి దారి మళ్ళించడం మాత్రం "తర్వాత చూద్దాం" అనుకున్నాను. ఆ తర్వాత అనేది రాలేదు. అది మిర్చి అయిపోయే కాలం కాబట్టి వచ్చేవాళ్ళు తగ్గినా అన్నకి అనుమానం రాలేదు. మళ్ళీ సీజన్ వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు.

పాత చిరునామాలు ఎందుకు అసహ్యంగా ఉన్నాయో కూడా చెప్పాలి, ఎందుకంటే తెలుగులో రాసే ప్రతివాడికీ పనికొచ్చే సంగతి. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. వత్తులు, గుణింతాలు, పొల్లు అన్నీ విడివిడి గుర్తులే. చిరునామాలో రాసేటప్పుడు ఒక్కో బైటూ పర్సెంట్ గుర్తుతో కలిపి 3 అక్షరాలవుతుంది. అంటే ఒక్క గుర్తుకి 9 అక్షరాలు. 'వరంగల్' అంటే మనకి నాలుగు అక్షరాలు, కంప్యూటర్‌కి 6 గుర్తులు, చిరునామాలో 54 అక్షరాలు. వర్డ్‌ప్రెస్ టపా పేరుని చిరునామాలో 200 దగ్గర కోసేస్తుంది. ఇంగ్లీషువాడికి 200 అంటే రెండు మూడు వాక్యాలు. మనకి 22 గుర్తులు. "వరంగల్ మిర్చి ధరలు ఏప్రిల్ 12" అని పేరు పెడితే "ఏప్రి" దగ్గర తెగిపోతుంది, తేదీ గాల్లో కలిసిపోతుంది. మర్నాటి టపాకీ అదే చిరునామా వస్తుంది కాబట్టి చివర 2 తగిలిస్తుంది, ఆ మర్నాడు 3, అలా.. ఏ అంకె ఏ తేదీదో ఎవడికీ తెలియదు. ఇది ఎవరో తెలుగు మీద కక్షతో చేసింది కాదు. ఆ 200 పెట్టినవాడికి మన గుణింతాలు తట్టి ఉండవు, అంతే. మనమైనా చెప్పామా?

సరే, ఇంత తెలిసిన ఇంజినీరుగారు చేసిందేమిటి? అసహ్యంగా ఉన్న తలుపుని బాగుచెయ్యకుండా గోడ కట్టేశాడు.

అసలు బాధ ఇది కాదు. ఏప్రిల్‌లో పక్క తండా నుంచి ఒక రైతు షాపుకొచ్చి ఫోన్ చూపించాడట, "అన్నా, ఇది నొక్కితే తెర్సుకుంటలేదు" అని. ఆయన పాత లంకె ఒకటి ఫోన్‌లో దాచుకున్నాడు. రోజూ దాన్ని నొక్కేవాడు, అక్కడి నుంచి ఆ రోజు ధరకి వెళ్ళేవాడు. అది తెరుచుకోకపోయేసరికి సైటు మూసేశారనుకున్నాడు. అన్న ఆ ముక్కే ఎక్స్‌పర్టుతో చెప్తే "అది పాత లింక్ సార్, వదిలెయ్యండి" అన్నాడట! రోగి తనంతట తాను నొప్పి ఎక్కడో వేలుపెట్టి చూపించాడు. వైద్యుడు ఆ వేలు పక్కకి తోసి తాయెత్తు కట్టాడు.

బాగు చెయ్యడానికి ఎంత పట్టింది? ఒక్క సాయంత్రం. పాత డేటాబేసు బ్యాకప్ నా దగ్గరే ఉంది. అందులో ఏ చిరునామా ఏ తేదీ టపాదో ఉంది. పాతదానికీ కొత్తదానికీ జత కలిపే చిన్న స్క్రిప్టు రాసి, 301 పెట్టాను. 301 అంటే "శాశ్వతంగా ఇల్లు మారాం, కొత్త ఇల్లు ఇదీ" అని తలుపుకి కాగితం అంటించడం. ఇది కనీసం ఏడాది ఉంచమని గూగులే చెప్తుంది, వీలైతే ఎప్పటికీ ఉంచండి, ఖర్చేముంది? ఒక జాగ్రత్త: పాత పేజీలన్నిటినీ గుండుగుత్తగా మొదటి పేజీకి మళ్ళించకండి. మిర్చి ధర అడిగినవాడిని వీధి చివర వదిలేసినట్టే. గూగుల్ కూడా దాన్ని దొరకని పేజీ కిందే లెక్కేస్తుంది.

మొత్తం తిరిగొచ్చిందా? రాలేదు. ధరల పేజీలు కొన్ని వారాల్లో కదిలాయి, 2025 జనవరి సీజన్‌కి అన్న మొహంలో వెలుగొచ్చింది. మిగతావి రాలేదు. ఎందుకు రాలేదో అదే ఈ టపాలో అసలు సంగతి.

పోవడాల్లో రకాలు

నా వాదన ఇది: "ట్రాఫిక్ పోయింది" అనే మాటకి అర్థం లేదు. ఎవరు, దేనికోసం వచ్చేవాళ్ళు, ఇప్పుడు ఎందుకు రావట్లేదు, ఈ మూడూ చెప్పకుండా "రికవరీ" అనేవాడు ఎవడైనా సరే తాయెత్తు అమ్ముతున్నట్టే లెక్క.

సెర్చ్ కన్సోల్‌లో మూడు గీతలు పక్కపక్కన పెట్టి చూడండి చాలు. మీ పేజీ ఎన్నిసార్లు కనబడింది, ఎన్నో స్థానంలో కనబడింది, ఎంతమంది నొక్కారు. అన్నీ ఒక్కరోజులో నేలకి తగిలితే తప్పు దాదాపుగా మనదే: చిరునామాలు మార్చాం, సర్వర్ పడిపోయింది, లేకపోతే "సెర్చ్ ఇంజన్లు రావద్దు" అన్న గడిలో టిక్కు అలాగే వదిలేశాం. ఇవి తిరిగొస్తాయి. స్థానం దిగజారితే పోటీలో వెనకబడ్డాం. స్థానం అలాగే ఉండి కనబడటం తగ్గితే, అసలు ఆ మాట వెతికేవాళ్ళే తగ్గారు. కనబడటం, స్థానం అలాగే ఉండి నొక్కడం మాత్రమే తగ్గితే, జవాబు మీ గుమ్మం దాకా రాకుండానే వాళ్ళకి దొరికిపోతోంది.

ఒక్కోసారి ఏమీ పోకుండానే పోయినట్టు కనబడుతుంది. 2025 సెప్టెంబరులో గూగుల్, ఒకే పేజీలో వంద ఫలితాలు చూపించే పాత ఏర్పాటుని తీసేసింది. ర్యాంకులు లెక్కపెట్టే యంత్రాలు దానిమీదే ఆధారపడేవి. దాంతో చాలా సైట్లకి కనబడిన లెక్క ఒక్కసారిగా కుప్పకూలింది. అప్పటిదాకా చూసింది మనుషులు కాదు, యంత్రాలు! ఆ వారం ఎంతమంది తాయెత్తులు కొన్నారో ఆ దేవుడికే తెలియాలి.

పేర్లు మారిన రాష్ట్రంలో

వెతికేవాళ్ళే తగ్గడం అన్నానే, దీనికి తెలంగాణ కంటే మంచి ఉదాహరణ నాకైతే తెలియదు.

మా మరిపెడ 2016 అక్టోబరు 11 దాకా వరంగల్ జిల్లా. ఆ రోజు నుంచి మహబూబాబాద్ జిల్లా. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్‌ వరంగల్ అయింది. ఒకే ఊరి కలెక్టరాఫీసు కోసం మూడు పేర్లతో వెతకాలి. 2024 మార్చిలో బండ్ల నంబర్లు టీఎస్ నుంచి టీజీ అయ్యాయి, తర్వాత సంస్థల పేర్లూ మారాయి. టీఎస్‌పీఎస్‌సీ టీజీపీఎస్‌సీ అయింది, టీఎస్‌ఆర్టీసీ టీజీఎస్‌ఆర్టీసీ అయింది. ఎంసెట్ అదే ఏడాది ఈఏపీసెట్ అయింది. 2020 అక్టోబరులో వచ్చిన ధరణి పోయి 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. రైతుబంధు పోయి రైతుభరోసా వచ్చింది.

మా సైటులో పాసుబుక్కుల మీద ఉన్న పేజీలన్నీ ధరణి పేరుతో ఉన్నవే. అన్న రెండేళ్ళు కష్టపడి, తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి రాసినవి. ఆ పేరుతో వెతికేవాళ్ళు తగ్గుతూ వచ్చారు. దీనికి ఏ గూగుల్ అప్‌డేటూ కారణం కాదు, మందూ లేదు. కొత్త చట్టం చదివి, ఏం మారిందో కనుక్కుని, మళ్ళీ రాయాలి. పాత పేజీలో "ఇది ఇప్పుడు లేదు, కొత్తది ఇక్కడుంది" అని రాసి లంకె ఇవ్వాలి. అన్న అదే చేస్తున్నాడు, మెల్లిగా. ఇది ట్రాఫిక్ రికవరీ కిందికి రాదు, పని కిందికి వస్తుంది. నెలకి 8 వేలు ఇచ్చినా ఎవడూ తహసీల్దార్ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని కనుక్కుని రాయడు.

చాలా సైట్లు ఏం చేస్తాయో తెలుసా? పాత పేజీలో "ధరణి" అని ఉన్నచోటల్లా "భూభారతి" అని మార్చేసి, తేదీ ఇవాళ్టిది వేస్తాయి. లోపల ఉన్న పద్ధతి పాతదే! అది చదివి తప్పు కాగితాలు పట్టుకుని మండలాఫీసుకి పోయే మనిషి ఒకడుంటాడని వాళ్ళకి పట్టదు. ఎక్స్‌పర్టులు దీన్నే "కంటెంట్ రిఫ్రెష్" అంటారు.

గూగులమ్మ తప్పేం లేదా?

ఉంది. నేను గూగుల్ తరఫున వకాల్తా పుచ్చుకోలేదు. "మంచిగా రాయి, జనం అదే వస్తారు" అనే సూక్తిముక్తావళి కూడా నాకు తాయెత్తులాగే కనబడుతుంది.

గాలి శుభ్రం చేసే యంత్రాలని సొంత డబ్బుతో కొని, పరీక్షించి రాసే హౌస్‌ఫ్రెష్ అనే చిన్న సైటు ఉంది. యంత్రాన్ని ముట్టుకోకుండా సిఫార్సు చేసే పెద్ద పెద్ద పత్రికల సైట్లు తమకంటే పైన ఎలా ఉంటున్నాయో 2024 ఫిబ్రవరిలో సాక్ష్యాలతో రాసింది. మే నెలకల్లా తమకి గూగుల్ నుంచి వచ్చేవాళ్ళలో 91 శాతం పోయారని మళ్ళీ రాసింది. వాళ్ళు మంచిగా రాయలేదా? అదే ఏడాది అక్టోబరులో గూగుల్ అలా దెబ్బతిన్న ఓ ఇరవై మంది సైటుదారులని తన ఆఫీసుకి పిలిచి మాట్లాడింది. పిలిచి మాట్లాడటం మంచిదే, కానీ పోయినవి మాట్లాడినంత మాత్రాన రావు కదా.

మన దగ్గరా ఉంది. భారత్ మాట్రిమొనీ వాళ్ళు, ఒక వినియోగదారుల సంస్థ 2012లో చేసిన ఫిర్యాదుల మీద కాంపిటీషన్ కమిషన్ 2018 ఫిబ్రవరిలో గూగుల్‌కి 135.86 కోట్ల జరిమానా వేసింది, వెతుకులాట ఫలితాల్లో పక్షపాతం చూపిందని. 2024 ఆగస్టులో అమెరికా జడ్జి అమిత్ మెహతా, గూగుల్ తన గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా కాపాడుకుందని తీర్పిచ్చాడు. ఫోన్లలో, బ్రౌజర్లలో తనే ముందుగా ఉండటానికి ఒక్క 2021లోనే 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని ఆ విచారణలోనే బయటపడింది. ఏ అంగడికి పోవాలన్నా ఒక్కటే గేటు, ఆ గేటు ఒకడి చేతిలో ఉంది.

ఇప్పుడా గేటు దగ్గరే సరుకు అమ్మేస్తున్నారు. 2024 ఆగస్టులో ఏఐ జవాబులు మన దేశానికొచ్చాయి, 2025లో ఏఐ మోడ్ తెలుగులోకి వచ్చింది. అన్న ఇద్దరికి ఫోన్ చేసి తెచ్చిన ధరని ఓ యంత్రం చదివి, ఫలితాల పైనే జవాబుగా చెప్పేస్తే, అన్న పేజీ నొక్కేవాడెవడు? నొక్కేవాళ్ళు లేకపోతే రేపు ఫోన్ చేసేదెవడు? ఫోన్ చేసేవాడే లేకపోతే యంత్రం ఎల్లుండి ఏం చెప్తుంది? దీనికి నా దగ్గర మందు లేదు. ఉందని ఎవడైనా అంటే జేబు జాగ్రత్త.

కానీ ఒక్క మాట. గూగుల్ మనకి చేసిన అన్యాయం గురించి మాట్లాడేముందు, మనకి మనం చేసుకున్నది కూడా లెక్కలో వెయ్యాలి. యూనికోడ్‌లో తెలుగుకి చోటు 1991 నుంచి ఉంది. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో వచ్చింది. అయినా 2000ల్లో మన పెద్ద పత్రికల సైట్లు ఒక్కోటీ ఒక్కో సొంత ఫాంటుతో నడిచాయి. కంటికి తెలుగే, కంప్యూటర్‌కి మాత్రం పిచ్చిగీతలు. వెతికితే దొరికేది కాదు. నాగార్జున వెన్నగారు ఫైర్‌ఫాక్స్‌కి 'పద్మ' అనే పొడిగింపు రాస్తే గానీ ఈనాడు, వార్త లాంటివి యూనికోడ్‌లోకి మారి కనబడేవి కావు. వీవెన్‌గారి లేఖిని లాంటివి లేకపోతే చాలామంది తెలుగులో టైపు చేసేవాళ్ళే కాదు. నేను అప్పటికి బడిలో ఉన్నాను, ఇవన్నీ తర్వాత తెలుసుకున్నవే. ఆ ఏళ్ళ వార్తలు ఎన్ని వెతికితే దొరుకుతాయో మీరే చూడండి. ఏ అల్గారిథమూ తీసెయ్యకుండానే ఒక భాష తన జనాన్ని పోగొట్టుకుంది.

బుద్ధొచ్చిందా? ఇవాళ మార్కెట్ ధరలు వాట్సాప్‌లో ఫోటోగా తిరుగుతాయి. ప్రకటనలు అను ఫాంట్లతో కొట్టిన పీడీఎఫ్‌లుగా వస్తాయి, కాపీ చేస్తే పిచ్చిగీతలే. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా అదే గోడ కట్టుకుని, తలుపేదీ అని అడుగుతున్నాం.

ఇంతకీ ఏం చెయ్యాలి?

ఎవరైనా "ట్రాఫిక్ తెప్పిస్తాను" అంటే మూడు ప్రశ్నలు అడగండి. ఏ పేజీలకి పోయింది? ఏ రోజు నుంచి? ఆ రోజుకి అటూ ఇటూ మనం మార్చిందేమిటి? పేజీల జాబితా చూపించకుండా బ్యాక్‌లింకుల గురించి మాట్లాడితే మర్యాదగా టీ ఇచ్చి పంపించెయ్యండి.

నాలాంటి ఇంజినీర్లకి ఇంకో మాట. బంధువుల సైటు, స్నేహితుడి సైటు అని చులకనగా చెయ్యిపెట్టకండి. ఆఫీసులో ఒక చిరునామా మార్చాలంటే పది మంది సంతకం కావాలి, మనూరి సైటుకి మాత్రం సెలవురోజు సరదా చాలు అనుకున్నాను నేను. అక్కడా ఉన్నది మనుషులే. ఆ ఎక్స్‌పర్టు 24 వేలు తీసుకుని ఏమీ చెయ్యలేదు. నేను పైసా తీసుకోకుండా మొత్తం పోగొట్టాను. ఇద్దరిలో ఎవరు ఎక్కువ నష్టం చేశారో మీరే చెప్పండి.

ఆ తండా రైతుకి ఆ ఎండాకాలమే అన్న ఫోన్ చేసి, పాత లంకె మళ్ళీ నొక్కి చూడమన్నాడు. తెరుచుకుంది. "మూసిన్రనుకున్న" అన్నాడట ఆయన, అంతే. గూగుల్ లెక్కలో ఆయన లేడు, ఎప్పుడూ లేడు కూడా. దాచుకున్న లంకె నుంచి నేరుగా వచ్చేవాడు. మా సైటుకున్న గట్టి ఆస్తి ఆయన లాంటివాళ్ళేనని మూడు రిపోర్టుల్లో ఒక్కదాంట్లోనూ లేదు. ఇప్పుడు అన్న షాపుకొచ్చిన ప్రతి రైతు ఫోన్లోనూ ధరల పేజీని తనే దాచి పంపిస్తున్నాడు. ఒక్కొక్కరూ, చేత్తో. ఆ చిరునామా మాత్రం ఇక మార్చనని నా చేత ఒట్టేయించుకున్నాడు.

తా.క.: మొన్న ఆ ఎక్స్‌పర్టు మళ్ళీ ఫోన్ చేశాడట, ఏఐలో మీ సైటు పేరు వచ్చేలా చేస్తాను, కొత్త ప్యాకేజీ, నెలకి 12 వేలు అని. అన్న ఏమన్నాడో తెలుసా? "ముందుగాల మా 404లు ఎన్నున్నయో చెప్పు బిడ్డా" అన్నాడు. ఫోన్ కట్టయింది :)